వాకిట్లో గుర్రం, గంప క్రింద కోడి

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్యాసం వ్రాయమని సంపాదకవర్గంలోని విద్యార్థి మిత్రులు అడిగినప్పుడు, తెలుగు అధ్యాపకుణ్ణి గనుక ప్రబంధ కవులను గురించో, ఛందస్సును గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని ఇటీవల జరిగిన ఒక చిన్న సంఘటన నా కలాన్ని వేరొక దారికి త్రిప్పింది.

విద్యా సంవత్సరం ఆరంభంలో పరిచయాలు జరుగుతున్నప్పుడు ఒక విద్యార్థిని, "మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ?" అని అడిగాను. "ట్రాన్స్‌పోర్టు సార్" అన్నాడు తల వంచుకొని. ఆ మాట ఎక్కడో విన్నట్టు తోచింది. కొన్నాళ్ళకు ఒక రాత్రి మా వీధిలో పెండ్లి ఊరేగింపు పోతూ ఉంటే చూడడానికి గుమ్మంలో నిలబడ్డాను. బ్యాండు మేళం, దీపాల వరుస, వాటి నడుమ తెల్లని గుర్రం మీద పెండ్లికుమారుడు. పగ్గాలు పట్టుకొని నడుస్తున్న యువకుడు మన విద్యార్థే. నన్ను చూడగానే గుర్రం మెడ చాటుకు తప్పుకున్నాడు.

ఆ మాట ఎక్కడ విన్నానో అప్పుడు జ్ఞాపకం వచ్చింది. అది నేను చెప్పిన మాటే. 2007లో నేను డిగ్రీలో చేరిన రోజున, ఒక అధ్యాపకుడు నన్ను అడిగితే, నేనూ "ట్రాన్స్‌పోర్టు" అనే చెప్పాను. మా ఇంట్లోనూ గుర్రమే ఉండేది. ఆ అబద్ధం వల్ల నాకు కలిగిన నష్టమేమిటో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. అంతకు ముందు, ఇంట గుర్రాన్నీ కోళ్ళనూ పెంచడమంటే ఏమిటో, ఆ అనుభవం లేని మిత్రుల కోసం వివరించాలి. నా అభిప్రాయాన్ని మాత్రం ముందుగానే చెప్పివేస్తాను. ఈ పెంపకం సిగ్గుపడవలసిన పని కాదు, గొప్పకు చెప్పుకోవలసిన వినోదమూ కాదు. అది ఏ రోజు లెక్క ఆ రోజే అప్పజెప్పవలసిన బాధ్యత. మా ఇండ్లలో వాడే మాటలో చెప్పాలంటే అమానత్తు.

నేను పుట్టి పెరిగింది కర్నూలు పాతపట్టణంలో. మా తాతగారిది జట్కా బండి. మా తండ్రిగారు కూడా కొంతకాలం ఆ బండినే తోలారు. ఆటోలు పెరిగి బేరాలు తగ్గిన తరువాత బండిని అమ్మివేసి, గుర్రాన్ని అమ్మడానికి మనసొప్పక, పెండ్లి ఊరేగింపులకు త్రిప్పసాగారు. దాని పేరు మోతీ. మా ఇంటికి గదులు రెండు, వాకిలి ఒకటి. ఆ వాకిట్లో సగం మోతీది, సగం మా దాదీ పెంచే కోళ్ళది. మిగిలిన చోటేదైనా ఉంటే అది మాది.

గుర్రం ఉన్న ఇంట్లో ముందుగా తెల్లవారేది గుర్రానికే. తెల్లవారుజామున లేచి మా తండ్రిగారు మొట్టమొదట చేసే పని దానికి నీళ్ళ బకెట్టు పెట్టడం. గుర్రం రోజుకు 25 మొదలు 40 లీటర్ల దాకా నీరు త్రాగుతుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. కుళాయి రెండు రోజులకొకసారి వచ్చే వీధిలో ఈ లెక్క ఏమిటో బిందెలు మోసిన వారికే తెలుస్తుంది. తరువాత గడ్డి. గుర్రం కడుపు దాని శరీరాన్ని బట్టి చూస్తే చాలా చిన్నది. స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో సగానికి పైగా మేస్తూనే ఉంటుంది. కనుక కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టాలి. ఒకేసారి గంపెడు దాణా పోసి మన పని మనం చూసుకొందామంటే కుదరదు. పైగా గుర్రానికి వాంతి చేసుకొనే శక్తి లేదు. లోపలికి పోయినది మంచిదైనా చెడ్డదైనా తిరిగి వెనుకకు రాదు. ఈ ఒక్క సంగతి మరువకుండా ఉంటే చాలు, పెంపకంలో సగం జాగ్రత్త తెలిసినట్టే.

సాయంత్రం ఉలవలు ఉడికేవి. ఉలవలకు ఆంగ్లంలో గుర్రపు గింజలనే అర్థం వచ్చే పేరే ఉన్నదని కళాశాలకు వచ్చాక తెలిసింది గాని, మా ఇంట్లో ఆ సంబంధం పొయ్యి దగ్గరే తెలిసేది. గుగ్గిళ్ళు మోతీకి, అవి ఉడికిన నీరు మా చారుకు. అమ్మ ఆ నీటిలో చింతపండు పిండి తాలింపు పెట్టేది. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో ఉలవచారును ప్రత్యేక వంటకంగా వడ్డిస్తుంటే, ఆ రుచి వెనుక పశువుల దాణా కుండ ఉన్నదని ఎంతమందికి తెలుసునోనని అనుకొంటాను.

ఇక మాలీసు, గిట్టలు. గిట్ట నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఇంచుమించు ఆరు వారాలకొకసారి పాత లాడం ఊడదీసి, గిట్టను చెక్కి, మళ్ళీ కొట్టించాలి. మేకు వెంట్రుకవాసి లోపలికి దిగినా గుర్రం కుంటుతుంది. లాడాలు కొట్టే పని తెలిసినవారు ఇప్పుడు పట్టణానికి ఒకరిద్దరైనా దొరకడం కష్టం. జట్కాలతో పాటే వారూ వేరే పనులలోకి వెళ్ళిపోయారు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్న సామెతను పనికిమాలిన వారిని ఎత్తిపొడవడానికి వాడుతుంటారు. మా ఇంట్లో ఆ సామెతకు ఎత్తిపొడుపు లేదు, లెక్క మాత్రమే ఉంది. ఆషాఢంలో హిందువుల ఇండ్లలో, మొహర్రంలో మా ఇండ్లలో పెండ్లిండ్లు ఉండవు. గుర్రం ఆకలికి ఆషాఢమూ లేదు, మొహర్రమూ లేదు. సంపాదన లేని ఆ దినాలలో ఇంటిని ఆదుకొన్నవి కోళ్ళు.

మా ఇండ్లలో ఉర్దూ సామెత ఒకటి ఉంది, ఇంటి కోడి పప్పుతో సమానమని. దగ్గర ఉన్నదానికి విలువ ఉండదని భావం. మా దాదీ ఆ సామెతను తన వాకిట్లో చెల్లనివ్వలేదు. ఆమెకు అక్షరాలు రావు. ఏ పెట్ట ఏ రోజున గుడ్డు పెట్టిందో గోడమీద బొగ్గు గీతలతో లెక్క ఉంచేది. మన నాటుకోడి సంవత్సరానికి పెట్టే గుడ్లు సుమారు అరవై. అందులో కొన్ని పొదగడానికి, కొన్ని పిల్లలకు, మిగిలినవి వీధి చివరి కొట్టుకు. పొదగ వేసిన ఏడవనాటి రాత్రి గుడ్డును లాంతరు వెలుగుకు అడ్డంగా పట్టి చూసేది. లోపల ఎర్రని నరాల వల కనబడితే మంచి గుడ్డు, లేకపోతే వట్టిది. ఇరవైయొకటవ నాడు గంప ఎత్తితే పిల్లలు. ఆ ఇరవైయొక్క రోజులూ పెట్ట మేతకు లేచి మళ్ళీ ఎంతసేపటికి వచ్చి కూర్చున్నదో ఆమె గమనిస్తూనే ఉండేది. నా ఇంటర్మీడియట్ పరీక్ష రుసుము కట్టింది ఆ బొగ్గు గీతల సొమ్ముతోనే. ఇంటిలోని ఆడవారి చేతికి, ఎవరినీ అడుగకుండా, నాలుగు రూకలు వచ్చే దారి అది. కోళ్ళ పెంపకాన్ని తేలికగా చూసేవారు ఈ సంగతి మరచిపోతారు.

రెంటినీ ఒకే వాకిట్లో పెంచడంలో లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. కోళ్ళు గుర్రపు లద్దెను కెలికి అందులోని గింజలనూ పురుగులనూ ఏరుకు తింటాయి. ఈగలు తగ్గుతాయి. ఇది లాభం. కాని అంగడిలో అమ్మే కోళ్ళ దాణాలో, కోళ్ళకు రక్తపారుడు రాకుండా మోనెన్సిన్ వంటి మందులు కలుపుతారు. కోడికి మేలు చేసే ఆ మందు గుర్రానికి విషం, గుండెను దెబ్బ తీస్తుంది. కొత్తగా రెండింటినీ పెంచదలచినవారు కోళ్ళ దాణా సంచిని గుర్రం మూతి అందని చోట, తలుపు వేసి పెట్టాలి.

కష్టాలు చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ముంగిస ఒక రాత్రి మూడు పెట్టలను కొరికి చంపింది. మా పుంజు పొరుగువారి పూలకుండీలలో చేరి మొక్కలను పెళ్ళగిస్తే, వచ్చిన తగవు తీరడానికి అరడజను గుడ్లు ఆ ఇంటికి వెళ్ళాయి. ఒక వేసవిలో కొక్కెర తెగులు సోకింది. పచ్చని విరేచనాలు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడలు మెలిదిరగడం. వారం రోజులలో ఇరవైమూడు కోళ్ళలో మిగిలినవి రెండు. దాదీ ఏడ్వలేదు. గోడమీది గీతలన్నీ తడిగుడ్డతో తుడిచివేసింది. ఆ తెగులుకు మందు లేదు గాని రాకుండా టీకా ఉంది. పిల్లకు వారం నిండేలోగా కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిదవ వారం ప్రాంతాన రెక్క వద్ద చర్మం క్రింద ఒక సూది. ఖర్చు స్వల్పమే. కాని టీకా సీసా నూరు కోళ్ళకో, అంతకు మించిన సంఖ్యకో సరిపడేటట్టు వస్తుంది. మంచులో ఉంచి తేవాలి, కలిపిన తరువాత రెండు మూడు గంటలలో వాడివేయాలి. ఇరవై కోళ్ళున్న ఇల్లు ఒంటరిగా ఆ పని చేసుకోలేదు. వీధి అంతా కలిస్తేనే జరుగుతుంది. మరుసటి సంవత్సరం మా దాదీ ఇల్లిల్లూ తిరిగి ఆరు ఇండ్ల వారిని కూడగట్టింది. చదువు రాని ఆమె చేసిన ఆ పని చదువుకొన్న నేను చేయలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

2009 అక్టోబరు 2వ తేదీ. గాంధీ జయంతి, శుక్రవారం. అప్పుడు నేను డిగ్రీ మూడవ సంవత్సరం. కర్నూలు వరద సంగతి మీలో చాలామంది పెద్దల వల్ల విని ఉంటారు. ఒకవైపు తుంగభద్ర, మరొకవైపు హంద్రీ, రెండూ పొంగి పట్టణంలోకి వచ్చాయి. వీధిలో నీరు మోకాళ్ళు దాటకముందే మా తండ్రిగారు మోతీని విప్పి, ఎత్తైన చోట ఉన్న బంధువుల ఇంటికి నడిపించుకు పోయారు. అమ్మా నేనూ కాగితాలు, బట్టలు, బియ్యం మూటగట్టాము. దాదీ మాత్రం కదలనన్నది. పొదుగు మీద ఉన్న పెట్టను, దాని క్రింది పదకొండు గుడ్లను గంపతో సహా తలకెత్తుకొన్న తరువాతనే గుమ్మం దాటింది. ఆ రాత్రి ఎదురింటివారి రెండంతస్తుల మిద్దె మీద గడిపాము. చీకటిలో నీటి చప్పుడు తప్ప మరేమీ లేదు. అర్ధరాత్రి దాటాక దాదీ నెమ్మదిగా అడిగింది: "గూటి తలుపు ఎవరు తీశారు?"

ఎవరూ తీయలేదు. ప్రతివారూ మరొకరు తీసి ఉంటారనుకొన్నాము. నీరు దిగిన తరువాత మోకాలి లోతు బురదలో వెదికితే, గూడు మూసినది మూసినట్టే ఉంది. అందులో పద్నాలుగు కోళ్ళు. గంపలోని పదకొండు గుడ్లలో నాలుగు పిల్లలయ్యాయి.

మోతీ క్షేమంగా తిరిగి వచ్చింది. మా వీధివారంతా దాని మెడ నిమిరి సంతోషించారు. వరదను దాటిన గుర్రమని పిల్లలు చెప్పుకొన్నారు. కాని మా గడ్డివామి నాని పోయింది. పై పొరలు ఎండాయి గాని లోపల బూజు పట్టింది. అంగడిలో గడ్డి దొరికే పరిస్థితి లేదు. మా తండ్రిగారు దులిపి, ఎండబెట్టి, మంచిదని తోచినంత ఏరి పెట్టారు. ఎనిమిదవ రోజు మధ్యాహ్నం మోతీ మేత ముట్టలేదు. ముందుకాలితో నేల త్రవ్వసాగింది. మాటిమాటికి తల త్రిప్పి తన డొక్కవైపు చూసుకొంటున్నది. పడుకొని పొర్లింది, లేచింది, మళ్ళీ పొర్లింది. ఒళ్ళంతా చెమట. గుర్రానికి వచ్చే కడుపుశూల అది. మా తండ్రిగారు దానిని వాకిట్లో నడిపిస్తూ, "నీ స్నేహితుడి అన్న పశువుల డాక్టరని చెప్పావు కదా నాయనా, ఆయనకు ఫోను చెయ్యి" అన్నారు.

నేను చేయలేదు. సంకేతం అందడం లేదన్నాను. నిజమేమిటంటే, ఆ స్నేహితుడికి మా ఇంట్లో గుర్రం ఉన్న సంగతి తెలియదు. మూడు సంవత్సరాలుగా అతనితో "ట్రాన్స్‌పోర్టు" అనే చెప్పి ఉన్నాను. ఫోను చేస్తే అతను మా ఇంటికి వస్తాడు, వాకిలి చూస్తాడు, రేపు తరగతిలో అందరికీ తెలుస్తుంది. ఇదీ ఆనాటి నా ఆలోచన. మధ్యాహ్నం చేయవలసిన ఫోను చీకటిపడ్డాక చేశాను. డాక్టరు గారు బురదలో నడుచుకొంటూ వెంటనే వచ్చారు. ముక్కు గుండా గొట్టం వేసి నూనె పోశారు, నొప్పికి సూది వేశారు. తెల్లవారకముందే మోతీ చనిపోయింది. ముందుగా వచ్చి ఉంటే బ్రతికేదా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నా స్నేహితుడు ఆ రాత్రంతా మా వాకిట్లో లాంతరు పట్టుకొని నిలబడ్డాడు. నేను భయపడినట్టుగా అతను ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ తరువాత మా తండ్రిగారు మరొక గుర్రాన్ని కొనలేదు. నేను ఆలస్యం చేసిన సంగతి ఆయనకు తెలుసునో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

వరదను గురించి వ్రాసేవారు సాహసకృత్యాలను వ్రాస్తారు. మా ఇంట్లో జరిగింది చూస్తే, వరద నుండి గుర్రాన్ని తప్పించిన సాహసం వల్ల చివరికి ఫలితం లేకపోయింది. కోళ్ళను చంపింది నీరు కాదు, మేము తీయని తలుపు. గుర్రాన్ని చంపింది బూజుపట్టిన గడ్డి, దానితో పాటు నా సిగ్గు. మూగజీవికి మన ప్రేమ, మన ధైర్యం ఏడాదికొకసారి అక్కరకు వస్తాయేమో. తలుపు తీసే చేయి, మేతను వాసన చూసే ముక్కు, సమయానికి పలికే నోరు మాత్రం ప్రతి దినమూ కావాలి.

ఇక్కడ కొందరు విజ్ఞులు అభ్యంతరం చెప్పవచ్చు. పట్టణంలో గుర్రమూ కోళ్ళూ ఎందుకు, దుర్వాసన, దోమలు, ఈగలు, రోగాలు అని. ఈ మాటలో సత్యం లేకపోలేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళు పెద్దయెత్తున నశించాయి. చనిపోయిన కోడిని కాలువలో విసరివేసే ఇల్లు ఊరందరికీ కీడు చేస్తున్నట్టే. లద్దెను రోజూ ఎత్తి దూరంగా ఎరువు గుంటలో వేయని ఇంటి మీద పొరుగువారు కోపపడితే తప్పు పొరుగువారిది కాదు. చోటు లేనివారు, నీరు లేనివారు గుర్రాన్ని పెంచకపోవడమే దయ. అంత మాత్రం చేత పెంచేవారందరినీ అనాగరికులని అనడం న్యాయం కాదు. శుభ్రత నేర్పవలసిన చోట అవమానం నేర్పితే, జీవాలు అలాగే ఉంటాయి, వాటి రోగాలు మాత్రం దాగుతాయి.

పెంచేవారికి కూడా ఒక మాట చెప్పాలి. బరువు లాగే, మోసే జంతువులను గురించి 1965లో మన దేశంలో నియమాలు చేశారు. రోజులో మొత్తం తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు. ఎడతెగకుండా ఐదు గంటలకు మించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట పగలు పన్నెండు నుండి మూడు వరకు అసలు పని పెట్టకూడదు. మన వేసవిలో 37 డిగ్రీలు దాటని రోజులెన్ని? ఊరేగింపులో గుర్రం కాళ్ళ దగ్గర టపాకాయలు కాల్చే వారిని వద్దనే ధైర్యం పగ్గం పట్టినవాడికి ఉండాలి. కూలి పోతుందని ఊరుకొంటే, బెదరిన గుర్రం ఎవరినైనా తొక్కిన రోజున ఆ కూలి ఏ మూలకూ చాలదు.

ఈ విద్య చిన్నదేమీ కాదు. విజయనగర ప్రభువులు అరబ్బు దేశాల నుండి, పర్షియా నుండి సముద్రం మీదుగా గుర్రాలను తెప్పించుకొన్నారు. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలను గురించి 'హయలక్షణ విలాసము' అనే గ్రంథమే రచించాడు. ఆంధ్రదేశపు పందెం కోడికి 'అసీల్' అనే పేరు స్వచ్ఛమైన జాతి అనే అర్థంలో అరబ్బీ నుండి వచ్చింది. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలను రూపొందించారు. గ్రామప్రియ నాటుకోడికి రెండింతలకు పైగా గుడ్లు పెడుతుంది, కాకపోతే పొదిగే గుణం తక్కువ. పాముకాటుకు వాడే మందు కూడా గుర్రపు రక్తం నుండి తీసినదే. కవులు, శాస్త్రజ్ఞులు, వైద్యులు తలకెత్తుకొన్న జీవాల పేరు చెప్పడానికి మన పిల్లలు తరగతిలో తల వంచుకోవలసిన అవసరం ఏమున్నది?

కళాశాల కమిటీ పెద్దలకు నాదొక విన్నపం. మన విద్యార్థులలో కోళ్ళున్న ఇండ్లు తక్కువేమీ కాదు, గుర్రాలున్న ఇండ్లూ కొన్ని ఉన్నాయి. సంవత్సరానికి ఒక్క రోజు మన మైదానంలో పశువైద్య శిబిరం పెట్టించండి. లాడాల పని తెలిసినవారిని ఆ రోజు పిలిపించండి. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు ప్రతి ఏడాది చెట్లు నాటుతున్నారు. దానితో పాటు వీధి వీధికీ కోళ్ళున్న ఇండ్ల పట్టిక వ్రాసి, వాటిని జట్లుగా కూర్చి, ఒకే రోజున టీకా వేయించే ఏర్పాటు చేయవచ్చు. మా దాదీ ఆరిండ్లను కూడగట్టింది. వందమంది విద్యార్థులు తలచుకొంటే ఎన్ని ఇండ్లను కూడగట్టలేరు? మన ప్రహరీ గోడ బయట ఒక నీళ్ళ తొట్టి కట్టిస్తే ఖర్చు ఎక్కువ కాదు. దానిని రోజూ కడిగి నింపే బాధ్యత ఎవరిదో నిర్ణయించిన తరువాతనే కట్టించండి. నింపని తొట్టి ఉన్నా లేనట్టే.

విద్యార్థి మిత్రులారా, మీ ఇంట్లో ఏ జీవం ఉన్నా దాని పేరు నలుగురిలో చెప్పండి. చెబితేనే దాని ఆపద వేళ నలుగురూ వస్తారు. నేను ఇది ఆలస్యంగా నేర్చుకొన్నాను.

ఊరేగింపు జరిగిన మరునాడు ఆ విద్యార్థి తరగతికి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. పాఠం అయిన తరువాత పిలిచి, "రాత్రి మీ గుర్రం ఎడమ ముందుకాలు కొంచెం ఈడ్చి వేస్తున్నది. లాడం ఎప్పుడు కొట్టించారు?" అని అడిగాను. అతను నా ముఖం వైపు చూసి, "మొన్ననే సార్. మీకు ఇవన్నీ తెలుసా?" అన్నాడు. "మా ఇంట్లోనూ ఉండేది. దాని పేరు మోతీ" అన్నాను. రెండు రోజుల తరువాత వరండాలో, స్నేహితులందరి ముందే, బిగ్గరగా చెప్పాడు: "చూపించాం సార్. మేకు లోపలికి దిగింది. తీసేశారు, ఇప్పుడు బాగానే నడుస్తోంది."